బటన్ నొక్కేది ఇంట్లో, కబురు వెళ్లేది ఎక్కడికి?

సంపాదకులు గారికి నమస్కారం.

స్మార్ట్ ఇల్లు అనగానే పత్రికల్లో రెండే బొమ్మలు కనిపిస్తాయి: చేతిలో ఫోను, బల్ల మీద మాట వినే స్పీకరు. ఇంట్లో డెబ్బై దాటిన మనిషి ఉంటే ఈ రెండూ అంతగా అక్కరకు రావు. ఫోను చార్జింగులో ఉంటుంది, యాప్ తెరవాలంటే కళ్లజోడు వెతుక్కోవాలి, స్పీకరుకేమో మన వైపు యాస సగమే ఎక్కుతుంది. వీటి మధ్య ఎవరూ పట్టించుకోని వస్తువు ఒకటుంది. మంచం పట్టెకో గోడకో అతికించుకునే చిన్న వైర్‌లెస్ బటన్. దీని గురించి రాసేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు చెప్పేది ఇంకా తక్కువ. అందుకే కావలి, ఒంగోలు మధ్య ఇళ్లకు వైరింగు చేసే మేము ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందుగా ఒక అపోహ. ఈ బటన్ గుండా కరెంటు పోదు. లోపల ఉండేది నాణెం ఆకారంలో ఉండే ఒక చిల్లర సెల్లు, ఒక రేడియో చిప్పు, టిక్కుమనే స్విచ్. అంతే. నొక్కితే కబురు పంపుతుంది. లైటు వేసేది, ఫ్యాను ఆపేది స్విచ్‌బోర్డు వెనక పెట్టే రిలే మాడ్యూలు, అంటే కబురు అందగానే తనే కరెంటును కలిపే, తెంపే స్విచ్. ఒకసారి నొక్కితే ఒక పని, రెండుసార్లు నొక్కితే ఇంకో పని, నొక్కి పట్టుకుంటే మూడో పని, ఇలా మనం రాసిపెట్టుకోవచ్చు. దాన్నే ప్రోగ్రామింగ్ అంటున్నారు. చేయి బాగా తిరిగినవాళ్లకే వచ్చే విద్యేమీ కాదు.

కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు. నొక్కిన కబురు రిలే దాకా ఏ దారిన వెళ్తుంది? చాలా వైఫై బటన్లు కబురును రూటరుకు, అక్కడి నుంచి ఇంటర్నెట్ మీద ఏ దేశంలోనో ఉన్న కంపెనీ సర్వరుకు పంపిస్తాయి. అది తిరిగి మన హాల్లో లైటుకు చేరాలి. మూడు గజాల దూరానికి ఏడు సముద్రాలు దాటినట్టు. తుపాను గాలికి కేబుల్ తెగిందా, పక్కనే ఉన్న లైటు వెలగదు. కంపెనీ దుకాణం కట్టేస్తే బటన్ ఉత్త ప్లాస్టిక్కు ముక్క. అమెజాన్ 2015లో తెచ్చిన డాష్ బటన్‌ను 2019లో అలాగే ఆపేసింది. సర్వరు పలకడం మానేశాక ఆ బటన్లు మామూలు వాళ్లకు ఎందుకూ కొరగాలేదు. కాబట్టి దుకాణంలోనే రూటరుకు వచ్చే ఇంటర్నెట్ తీగ పీకించి బటన్ నొక్కి చూడండి. బల్బు వెలిగితేనే డబ్బులివ్వండి.

ఇంట్లోనే తిరిగే దార్లలో మా ఓటు జిగ్‌బీకి. పరికరాలు తక్కువ కరెంటుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియో పద్ధతి అది. బ్లూటూత్ బటన్లు బాగానే ఉంటాయి గానీ దగ్గర్లో ఫోనో, కబుర్లు అందుకుని పంచే హబ్బు అనే పెట్టో వింటూ ఉండాలి. ఫోను జేబులో పెట్టుకుని బజారుకెళ్తే బటన్ మూగబోతుంది. 433 మెగాహెర్ట్జ్ రిమోట్లు చవక, గోడలు బాగా దాటతాయి. కానీ వాటిలో ఎక్కువగా వాడే ఈవీ1527 చిప్పు ఎప్పుడు నొక్కినా ఒకే కోడు పంపుతుంది. ఒక్కసారి విన్న రిసీవరు దాన్ని కాపీ కొట్టగలదు. వరండా లైటుకైతే సరే, గేటు తాళానికి మాత్రం వాడొద్దు. పైగా రిసీవరు నుంచి అందిందన్న జవాబు తిరిగి రాదు.

జిగ్‌బీకి కావలసినవి మూడు: బటన్, రిలే మాడ్యూలు, ఇంట్లో ఒక హబ్బు. హబ్బుగా కంపెనీ పెట్టె తీసుకోవచ్చు, లేదా రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరుకు డాంగిల్ అనే యూఎస్‌బీ జిగ్‌బీ రేడియో ముక్క తగిలించి, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేరు వేసుకోవచ్చు. డాంగిల్‌ను నేరుగా కంప్యూటరుకు గుచ్చకండి. యూఎస్‌బీ 3 పోర్టు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే రొద చేస్తుంది. పక్క గదిలో బటన్ దొరకలేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి మందు ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబులే. రెండోది చానలు. వైఫై, జిగ్‌బీ రెండూ అదే 2.4 బ్యాండులో కాపురం. వైఫై 1లో ఉంటే జిగ్‌బీ 11 నుంచి 14 దాకా కప్పేస్తుంది, 6లో ఉంటే 16 నుంచి 19 దాకా, 11లో ఉంటే 21 నుంచి 24 దాకా. రూటరును ఆటోలో వదలకుండా 1 మీద కట్టేసి, జిగ్‌బీని 20 మీదో 25 మీదో పెట్టుకుంటే గొడవ ఉండదు. ఇది మొదటి రోజే తేల్చుకోవాలి. పది వస్తువులు జత కట్టాక చానలు మారిస్తే చాలావాటిని మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాల్సి వస్తుంది.

జత కట్టడం తేలిక. హబ్బులో జత కలిపే మోడు తెరిచి, బటన్ మీద ఉండే రీసెట్ గుంటను పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి పడితే దీపం మిణుకుతుంది. కలిసేదాకా రెండు మూడు సెకన్లకోసారి బటన్ నొక్కుతూ ఉండండి. లేకపోతే సెల్లు పొదుపు కోసం అది నిద్రలోకి జారుకుని జత సగంలో ఆగిపోతుంది. కలపడం హబ్బు పక్కన కాకుండా బటన్ ఉండబోయే చోటే చేయడం మేలు. అక్కడ దగ్గరున్న రిలే మాడ్యూలును అది దారిగా పట్టుకుంటుంది. కరెంటు మీద నడిచే జిగ్‌బీ వస్తువులు కబురును అందుకుని ముందుకు పంపుతాయి, సెల్లు మీద నడిచేవి పంపవు. అందుకే జిగ్‌బీ బల్బును గోడ స్విచ్‌తో ఆపేస్తే దాని వెనకున్న బటన్లు కూడా మూగబోతాయి.

కరెంటు పోయినప్పుడు జరిగేదీ ఇదే. ఇన్వర్టరు లైను మీద రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లే ఉంటాయి. హబ్బు హాల్లో టీవీ ప్లగ్గులో, ఇన్వర్టరు లేని లైను మీద ఉంటే లైట్లకు కరెంటున్నా బటన్లు పనిచేయవు. హబ్బు, రూటరు, దారిలో ఉన్న ఒకటి రెండు మాడ్యూళ్లు ఇన్వర్టరు లైను మీదే ఉండాలి. మెమరీ కార్డు మీద నడిచే రాస్ప్‌బెర్రీ పై అయితే ఇంకా జాగ్రత్త. రాసుకుంటుండగా కరెంటు పోతే కార్డు చెడి మొత్తం మళ్లీ వేసుకోవాలి. కొన్ని బటన్లకు బైండింగ్ అనే సదుపాయం ఉంది. బటన్‌ను నేరుగా మాడ్యూలుతో ముడివేస్తే హబ్బు చచ్చినా లైటు వెలుగుతుంది. అన్నీ దీనికి ఒప్పుకోవు, కొనేముందు అడిగి తీసుకోండి. మంచం పక్క లైటుకు మేము ముందు చూసేది ఇదే.

చాలా రిలే మాడ్యూళ్లకు న్యూట్రల్ తీగ కావాలి. మన బోర్డుల్లో ప్లగ్గు సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. మెట్ల దగ్గర ఒంటరిగా ఉండే టూవే స్విచ్ పెట్టెల్లో మాత్రం తరచుగా ఉండదు. ఎంసీబీ దించి, టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. పాత గోడ స్విచ్‌ను పీకేయకుండా మాడ్యూలు ఎస్1, ఎస్2 కొసలకు కలిపితే అటు చేత్తోనూ ఇటు బటన్‌తోనూ వేసుకోవచ్చు. ఇక్కడే చాలామంది మాడ్యూళ్లు కాల్చుకుంటారు. కొన్ని రకాల్లో ఆ కొసలకు ఉత్త స్విచ్ తీగలే ఇవ్వాలి, ఫేజు తగిలితే అక్కడికక్కడే పొగ. ఇంకొన్ని రకాల్లో ఫేజే ఇవ్వాలి. డబ్బాలో వచ్చిన కాగితం పారేయకుండా చూసుకోండి.

చేత్తో చేసుకోవాలనుకునే పాలిటెక్నిక్ పిల్లలకు రెండు ముక్కలు. ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పుతో బటన్ చేయడం ఒక పూట పని, కానీ సెల్లు నిలవదు. తప్పు చిప్పుది కాదు. ఆ చిప్పును బిగించి అమ్మే నోడ్‌ఎంసీయూ బోర్డు మీద వోల్టేజి తగ్గించే ఏఎమ్‌ఎస్1117 రెగ్యులేటరు ఖాళీగా ఉన్నా సుమారు 5 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. అంటే రోజుకు 120 మిల్లీ ఆంపియర్ అవర్లు. 2000 మిల్లీ ఆంపియర్ అవర్లున్న 18650 లిథియం సెల్లు పదిహేడో రోజుకు ఖాళీ. బోర్డు వదిలేసి చిప్పును ఒంటరిగా తీసుకుని, ఎంసీపీ1700 లాంటి పొదుపు రెగ్యులేటరు పెడితే డీప్ స్లీప్‌లో 20 మైక్రో ఆంపియర్లకు దిగుతుంది. నిద్ర లేచి వైఫైలో చేరి కబురు పంపడానికి 4 సెకన్లు, సుమారు 80 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే ఒక్క నొక్కుడుకు 0.09 మిల్లీ ఆంపియర్ అవర్. రోజుకు 20 సార్లు నొక్కితే 1.8, నిద్రకు 0.5. రూటరు అక్కర్లేని ఈఎస్‌పీ నౌ పద్ధతిలో పంపితే 0.3 సెకన్లు చాలు, అప్పుడు నొక్కడానికంటే నిద్రకే ఎక్కువ ఖర్చవుతుంది. అయితే రిసీవరు వైఫైలో కూడా ఉంటే అది రూటరు చానలునే పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆటోలో ఉన్న రూటరు వేరే చానలు ఎంచుకుంటే బటన్ పాత చానలులో అరుస్తూ ఉంటుంది, వినేవాడు ఉండడు. దీనికీ విరుగుడు చానలు కట్టేయడమే. సీఆర్2032 చిల్లర సెల్లుతో ఈఎస్‌పీ నడపాలని చూడకండి. పంపే క్షణంలో అది వందల మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అంత కరెంటు ఇచ్చే సత్తా ఆ సెల్లుకు లేదు.

మరో చిక్కు చెప్పకపోతే లోటు. 8266ను నిద్ర లేపడానికి బటన్‌ను రీసెట్ పిన్నుకు, గ్రౌండుకు మధ్య కలుపుతారు. నొక్కి పట్టినంతసేపూ చిప్పు రీసెట్‌లోనే ఉంటుంది, వదిలాకే లేస్తుంది. పెద్దవాళ్లు గట్టిగా రెండు మూడు సెకన్లు నొక్కి పట్టి, లైటు రాలేదని మళ్లీ నొక్కుతారు. రెండో నొక్కుడు మొదటి కబురును మధ్యలో తుంచేస్తుంది. ఇలాంటిచోట ఈఎస్‌పీ32-సీ3 వాడి, మామూలు పిన్నుతో లేపుకోవడం నయం.

ఇప్పుడు అసలు సంగతి, సంపు మోటారు. బటన్ కొన్నవాళ్లు పది రోజులకు అడిగేది ఇదే, చెడగొట్టుకునేదీ ఇక్కడే. మాడ్యూలు మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది, ఒక హెచ్‌పీ మోటారు తీసుకునేది ఏడే కదా అని నేరుగా కలిపేస్తారు. ఆ పది బల్బు, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి రాసిన లెక్క. మోటారు లేచే క్షణంలో ఐదారింతలు, అంటే 35, 40 ఆంపియర్లు లాగుతుంది. కొన్నాళ్లకు రిలే లోపలి పాయింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బటన్ ఆపమంటుంది, మాడ్యూలు మీద దీపం ఆరిపోతుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు పొర్లి, సంపు ఎండి, వైండింగు కమురు వాసన వచ్చాకే తెలుస్తుంది.

రిలే మోటారును కాదు, కాంటాక్టరు కాయిల్‌ను నడపాలి. కాంటాక్టరు అంటే మోటారు కరెంటును మోసే పెద్ద స్విచ్, దాని కాయిల్‌కు కరెంటు అందితే కలుస్తుంది. మోటారు, పంపు ఒకటిగా ఉండే ఒక హెచ్‌పీ మోనోబ్లాకుకు, మోటార్లకు వాడే ఏసీ3 లెక్కలో 9 ఆంపియర్లు, 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టరు, దాని కింద మోటారు మోతాదు మించి లాగితే తెంపే ఓవర్‌లోడ్ రిలే. ఫేజు నుంచి ఓవర్‌లోడ్‌లో మామూలుగా కలిసే ఉండే ఎన్‌సీ పాయింటు, నీటి మట్టాన్ని బట్టి కలిసే ట్యాంకు ఫ్లోట్ స్విచ్, సంపు ఫ్లోట్ స్విచ్, ఆ తర్వాత మాడ్యూలు పాయింటు, చివర కాయిల్. అన్నీ ఒకే వరసలో. ఏది తెగినా మోటారు ఆగుతుంది, మాడ్యూలు కరెంటు అందక చచ్చినా ఆగుతుంది. కాయిల్‌కు అడ్డంగా 100 ఓం రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటరు సిరీస్‌గా పెట్టండి. లేకపోతే కాయిల్ వదిలినప్పుడు వచ్చే పోటుకు మాడ్యూలు బిగుసుకుపోతుంది. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ సంగతి వేరు. పచ్చ బటన్‌ను రెండు సెకన్లు నొక్కి పడితే స్టార్టింగ్ కెపాసిటరు కలిసే రకం బాక్సుల్లో ఆ నొక్కుడు తగ్గితే మోటారు లేవదు, పెరిగితే కెపాసిటరు పేలుతుంది. వాటి జోలికి వెళ్లకుండా లెవెల్ కంట్రోలరుతో వచ్చే ప్యానెలు కొనడం మంచిది.

మోటారు బటన్‌కు టాగుల్ పెట్టనే కూడదు. టాగుల్ అంటే ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్. కింద వంటింట్లో ఉన్నవాళ్లకు బయటి మోటారు చప్పుడు వినపడదు. పడిందో లేదోనని రెండోసారి నొక్కుతారు, ఆగిపోతుంది. ఆపామనుకుని పడుకుంటారు, నడుస్తూ ఉంటుంది. ఒకసారి నొక్కితే ఎప్పుడూ ఆన్, నొక్కి పడితే ఎప్పుడూ ఆఫ్ అని పెడితే ఎన్నిసార్లు నొక్కినా తేడా రాదు. ఆగే గడియారం హబ్బులో కాకుండా రిలే మాడ్యూలులోనే ఉండాలి. హబ్బు బిగుసుకున్న రోజు ఆపేది అదే. వైఫై మాడ్యూలులో టాస్మోటా అనే సాఫ్ట్‌వేరు వేసుకుంటే పల్స్‌టైమ్ అనే ఆజ్ఞ ఉంది. 100 కలిపి సెకన్లలో రాయాలి. ట్యాంకు 25 నిమిషాల్లో నిండితే 30 నిమిషాలకు పల్స్‌టైమ్ 1900. కరెంటు పోయి వచ్చాక మోటారు తనంతట తాను లేవకుండా పవర్‌ఆన్‌స్టేట్ 0. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేరు ఈఎస్‌పీహోమ్ అయితే రీస్టోర్ మోడులో ఆల్వేస్ ఆఫ్. పరికరాల మధ్య కబుర్లు చేరవేసే ఎంక్యూటీటీ పద్ధతి వాడేవాళ్లు ఆన్ చేసే కబురుకు రిటైన్ గుర్తు పెట్టారేమో చూసుకోండి. పెడితే కబుర్లు పంచే బ్రోకరు ప్రోగ్రాము ఆ కబురును దాచుకుని, కరెంటు వచ్చి మాడ్యూలు మళ్లీ చేరగానే అందిస్తుంది. అర్ధరాత్రి ఎవరూ నొక్కకుండానే మోటారు లేచిందంటే దయ్యం కాదు, రిటైన్.

రొయ్యల చెరువుల వాళ్లు నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు ఇవి పనికొస్తాయా అని అడుగుతుంటారు. పనికిరావు. గట్టు మీద దూరం ఎక్కువ, పైగా ఏరేటరు ఆగిందని తెలియజేసే అలారమే అక్కడ అవసరం. బటన్ నొక్కడానికి మనిషి అక్కడ మేలుకుని ఉండాలిగా.

మళ్లీ మంచం పక్కకు వద్దాం. నొక్కింది ఒకసారా రెండుసార్లా అని తేల్చుకోవడానికి బటన్ అరసెకను దాకా ఆగుతుంది. ఆ ఆలస్యం పెద్దవాళ్లకు పనిచేయనట్టే అనిపిస్తుంది. చెయ్యి వణికితే ఒక నొక్కుడు రెండవుతుంది, భయపడితే నొక్కి పట్టుకుంటారు. అందుకే పిలుపు గంట బటన్‌లో ఒకటి, రెండు, నొక్కి పట్టడం మూడింటికీ ఒకటే పని రాయండి. మోటారుకు చెప్పింది ఇక్కడ వర్తించదు. నొక్కినవాళ్ల గదిలో కూడా చిన్న గంట మోగడమో దీపం వెలగడమో జరగాలి, కబురు అందిందన్న నమ్మకం ఉంటే మళ్లీ మళ్లీ నొక్కరు. ఇనుప బీరువా మీద, ఇనుప గేటు మీద అతికిస్తే రేంజి సగానికి పడిపోవచ్చు, మధ్యలో ఒక సెంటీమీటరు చెక్క ముక్క పెట్టండి. సున్నం, డిస్టెంపరు గోడకు డబుల్ టేపు ఎండాకాలం దాటదు, పెచ్చుతో సహా ఊడి వస్తుంది. టైలు మీదో స్క్రూ బిగించిన ప్లేటు మీదో అంటించాలి.

సెల్లు విషయానికొస్తే, 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2450 అంటే 24.5, 5.0. ఒకదాని బదులు ఇంకోటి ఇరికించడానికి లేదు. మల్టీమీటరులో ఊరికే కొలిస్తే చచ్చిన సెల్లు కూడా 2.9 వోల్టులు చూపిస్తుంది. 470 ఓం రెసిస్టరు అడ్డంగా పెట్టి రెండు సెకన్లు కొలవండి, 2.5 కిందికి జారితే మార్చేయండి. హబ్బు దగ్గర పనిచేసి పడగ్గదిలో పనిచేయకపోతే ముందు అనుమానించాల్సింది సెల్లునే. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి సెల్లు పట్టుకునే రేకు చిలుము పడుతుంది, ఆరు నెలలకోసారి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావకంతో తుడవాలి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్లులు కొన్ని బటన్లలో సరిగా అంటవు.

అమెరికా నుంచి పిల్లలు పంపే, జిగ్‌బీ లాంటిదే అయిన జీవేవ్ రేడియో పద్ధతి బటన్లు ఇక్కడి జీవేవ్ హబ్బులతో కలవవు. అక్కడిది 908 మెగాహెర్ట్జ్, మనది 865. జిగ్‌బీ, బ్లూటూత్‌లకు ఈ బాధ లేదు.

సెల్లు మూత స్క్రూతో బిగించే రకమే కొనండి, చంటిపిల్లలున్న ఇంట్లో అయితే తప్పనిసరిగా. మింగిన చిల్లర సెల్లు రెండు గంటల్లోనే గొంతు గోడను కాల్చేయగలదు. పిల్లాడు బాగానే ఆడుకుంటున్నాడని చూస్తూ కూర్చోకుండా, వాంతి చేయించకుండా, సెల్లు నంబరున్న కవరు పట్టుకుని నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తీసేసిన పాత సెల్లులోనూ ఆ శక్తి మిగిలే ఉంటుంది, రెండు వైపులా టేపు వేసి పిల్లలకు అందని డబ్బాలో వేయండి.

ఇట్లు,
ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, కావలి